పాత యంత్రము – కొత్త కాపలా

కొత్త ఒక వింత, పాత ఒక రోత అని మన పెద్దలు సామెత చెప్పిరి. కొత్త వస్తువు కంటబడగానే చేతనున్న పాత వస్తువును చులకనగా చూచు స్వభావమును ఈ సామెత ఎత్తిపొడుచుచున్నది. అయితే లోకమున దీనికి విరుద్ధమైన స్వభావము కూడ కలదు. చిరకాలము చేతిలో మెలగిన వస్తువును, దాని వలన కీడు కలుగునని తెలిసినను విడువలేనివారు పెక్కుమంది కలరు. వింతకు మురిసి పరుగెత్తువాడును, అలవాటునకు కట్టుబడి కదలనివాడును ఒక్క పొరపాటే చేయుచున్నారు. ఆ వస్తువు ఏ పని చేయుచున్నది, దానిని నమ్మి ఎవరెవరు ఏమేమి అప్పగించిరి అని ఇద్దరును విచారింపరు. ఈ విచారము నేటి కాలమున కంప్యూటరు విషయమున మిక్కిలి అవసరమైనది.

సికింద్రాబాదు కంటోన్మెంటునకు ఉత్తరమున, మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో యాప్రాల్ అను ఊరు కలదు. ఒకప్పుడు అది పల్లె. నేడు నగరము పెరిగి పెరిగి దానిని తనలో కలుపుకొన్నది. సైన్యమున కొలువు చేసి విశ్రాంతి పొందినవారు పెక్కుమంది ఆ చుట్టుపట్ల ఇండ్లు కట్టుకొని నివసించుచున్నారు. అట్టి యాప్రాలులో ఒక వీధి మలుపున చిన్న డి.టి.పి. దుకాణము ఒకటి ఉన్నదని ఊహింతము. దాని యజమాని అరువది దాటిన వృద్ధుడు. యౌవనమున అచ్చుకూటములో సీసపు అక్షరములు కూర్చినవాడు. కాలము మారి ఆ పని అంతరింపగా, కంప్యూటరు మీద తెలుగు కూర్చుట నేర్చి, ఆ విద్యతోనే సంసారము ఈదినవాడు.

అతని దుకాణములో ఒక పాత కంప్యూటరు ఉండెను. దానిలో విండోస్ 7 అను వ్యవస్థ పనిచేయుచుండెను. పుటలు కూర్చుటకు పేజ్‌మేకర్, తెలుగు అక్షరములకు అను ఫాంట్లు అందులో ఉండెను. తెలుగునాట పెక్కు డి.టి.పి. దుకాణములు ఏండ్ల తరబడి ఈ జంటతోనే బ్రతికినవి. పెండ్లి శుభలేఖలు, బడుల ప్రశ్నపత్రములు, దేవాలయముల ఉత్సవపత్రములు, దినకర్మల ఆహ్వానములు, చుట్టుపట్లవారు వ్రాసికొన్న చిన్న పుస్తకములు ఇరువది యేండ్లుగా ఆ వృద్ధుని చేతి మీదుగా సాగినవి. యంత్రములు మారినప్పుడెల్ల అతడు పాత ఫైళ్లను జాగ్రత్తగా కొత్తదానిలోనికి ఎక్కించెను. ఆ ఫైళ్లన్నియు ఇప్పుడు ఈ ఒక్క యంత్రములోనే ఉండెను.

ఆ కంప్యూటరునకు ఇంటర్నెట్టు తీగ కూడ తగిలించి ఉండెను. నకళ్లు తీయించుకొనుటకు వచ్చువారు తమ ఆధార్ కార్డులు, బ్యాంకు కాగితములు, మార్కుల పత్రములు పెన్ డ్రైవులలోను, ఈమెయిలు ద్వారాను తెచ్చుచుండిరి. అవన్నియు ఆ యంత్రము గుండానే ప్రింటరునకు పోవుచుండెను. పని అయిన వెంటనే వానిని తుడిచివేయవలెనన్న తలంపు పనుల రద్దీలో ఆ వృద్ధునకు కలుగలేదు.

అతని మనుమరాలు పాలిటెక్నికు విద్యార్థిని. సెలవు దినములలో దుకాణమునకు వచ్చి తాతకు చేదోడుగా నుండెడిది. ఆమె ఒకనాడు, “తాతయ్యా! ఈ వ్యవస్థకు 2020 జనవరి 14 నాడే కాలము తీరినది. దీనిని మార్పించరాదా?” అని అడిగెను.

వృద్ధుడు నవ్వి ఇట్లనెను: “కాలము తీరినదని ఎవరు చెప్పిరి తల్లీ? ఈ ఉదయము కూడ రెండు శుభలేఖలు కూర్చితిని. ఇన్నేండ్లలో ఇది నన్ను ఒక్కనాడును మోసగించలేదు. కొత్తది పెట్టించినచో నా ఫాంట్లు పనిచేయునా? నా ప్రింటరు పలుకునా? పనిచేయుచున్న ఎద్దును వయసు మళ్లినదని సంతకు తోలుదుమా?”

ఆ మాటలో న్యాయము లేకపోలేదు. అమ్మువాడు కొత్తది కొనుమనుచునే యుండును. కొనువాడు తనకు కావలసినది ఏదో తానే నిర్ణయించుకొనవలెను. మంచము ఉన్నంతవరకే కాళ్లు చాపవలెనని సామెత. చిన్న దుకాణదారునకు కొత్త కంప్యూటరు వెల తక్కువ భారము కాదు. కాని కాలము తీరుట యనగా ఏమియో తెలిసికొనక ఈ తగవు తీరదు.

కంప్యూటరు అనగా పెట్టెయు, తెరయు, మీటల పలకయు మాత్రమే కాదు. ఆ పరికరములన్నింటిని నడిపించు ఒక వ్యవస్థ లోపల ఉండును. దానిని ఆపరేటింగ్ సిస్టమ్ లేక నిర్వహణ వ్యవస్థ అందురు. పూర్వము తెలంగాణ గ్రామములలో పట్వారీ భూముల లెక్క వ్రాసెడివాడు. మాలీ పటేలు శిస్తు వసూలు చేసెడివాడు. పోలీసు పటేలు శాంతిభద్రతలు చూచెడివాడు. కంప్యూటరునందు ఈ ముగ్గురి పనియు నిర్వహణ వ్యవస్థయే చేయును. ఏ ఫైలు ఎచ్చట ఉన్నదో లెక్క వ్రాయునది అదియే. ఏ కార్యక్రమమునకు ఎంత జ్ఞాపకశక్తి ఇవ్వవలెనో పంచిపెట్టునది అదియే. బయటినుండి వచ్చువారిలో ఎవరిని లోపలికి రానీయవలెనో, ఎవరిని గడప దాటనీయరాదో చూచునదియు అదియే.

ఇట్టి వ్యవస్థను మనుష్యులే వ్రాయుదురు. అది కోట్లకొలది పంక్తుల రచన. అంత పెద్ద రచనలో తప్పులు దొరలక మానవు. ఆ తప్పులలో కొన్ని గోడలోని కన్నముల వంటివి. వాని గుండా దొంగలు లోనికి రాగలరు. అట్టి కన్నము కనబడినప్పుడెల్ల వ్యవస్థను తయారుచేసిన సంస్థ సవరణను పంపి దానిని పూడ్చును. నిర్ణీతకాలము గడచిన పిమ్మట ఆ సంస్థ పాత వ్యవస్థకు సవరణలు పంపుట మానివేయును. కాలము తీరుట యనగా ఇదియే.

విండోస్ వ్యవస్థలను తయారుచేయునది మైక్రోసాఫ్టు అను అమెరికా సంస్థ. ఈ సంస్థకును హైదరాబాదునకును దగ్గర సంబంధము కలదు. అది 1998లోనే హైదరాబాదున తన అభివృద్ధి కేంద్రమును స్థాపించెను. 2014 ఫిబ్రవరి 4 నాడు దానికి ముఖ్య కార్యనిర్వహణాధికారియైన సత్య నాదెళ్ల హైదరాబాదులో జన్మించి, బేగంపేటలోని హైదరాబాదు పబ్లిక్ స్కూలులో చదివినవారు. 2001లో వెలువడిన విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో సవరణలు ఆగినవి. 2009లో వచ్చిన విండోస్ 7కు 2020 జనవరి 14తో ఆగినవి. 2015లో వచ్చిన విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సాధారణ సవరణలు ముగిసినవి.

గడువు తీరిన నాడు యంత్రము ఆగిపోదు. నిన్న పనిచేసినట్లే నేడును పనిచేయును. ఇందువలననే జనులు భ్రమపడుదురు. ఊరి కావలివాడు కొలువు చాలించిన రాత్రియే దొంగలు పడరు. కాని కావలి లేదన్న సంగతి దొంగలకు తెలియును. ఇంతేకాదు. కొత్త వ్యవస్థకు సవరణ వచ్చినప్పుడు, ఆ సవరణను పరిశీలించి దుర్మార్గులు పాత వ్యవస్థలో కూడ అదే కన్నము ఉన్నదేమో వెదకుదురు. ఉన్నచో దానిని పూడ్చువారు ఎవరును లేరు. కనుక పాత వ్యవస్థ దినదినమునకు మరింత బలహీనమగుచుండును. చూపునకు మాత్రము ఏ మార్పును కనబడదు.

మనుమరాలు ఈ సంగతులన్నియు విడమరచి చెప్పెను. వృద్ధుడు విని, “మన దుకాణములో దోచుకొనుటకు ఏమున్నది? రాజుల సొమ్మున్నదా?” అనెను. అప్పుడామె 2017లో జరిగిన ఒక సంగతి చెప్పెను.

ఆ సంవత్సరము మే 12 నాడు వాన్నక్రై అను దుష్ట కార్యక్రమము లోకమున వ్యాపించెను. అది కంప్యూటరులో ప్రవేశించి అందలి ఫైళ్లన్నింటిని ఎవరును చదువలేని రహస్యలిపిలోనికి మార్చివేయును. పిమ్మట తెరపై ఒక ప్రకటన కనబడును. 300 డాలర్లు చెల్లించినగాని ఫైళ్లు విడువబడవని దాని సారాంశము. అది మనుష్యుడు మీట నొక్కువరకు వేచియుండక, ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు తానే ప్రాకెను. 150కి పైగా దేశములలో రెండు లక్షలకు మించిన కంప్యూటర్లు దాని వాతబడినవి. ఇంగ్లండులో ప్రభుత్వ ఆసుపత్రుల పని స్తంభించి, వేలకొలది రోగుల చికిత్సా సమయములు రద్దు చేయవలసి వచ్చెను.

ఆ మహమ్మారి తెలుగునాటికిని వచ్చెను. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్టణము, శ్రీకాకుళము జిల్లాలలోని 18 పోలీసు విభాగముల కంప్యూటర్లు దానికి చిక్కినవి. తిరుమల తిరుపతి దేవస్థానముల కార్యాలయ కంప్యూటర్లలో కొన్ని కూడ చిక్కుపడినవి. రక్షకభటులకును, దేవుని కొలువునకును తప్పని ఆపద వీధి మలుపులోని దుకాణమునకు రాదని చెప్పగలవారెవరు? ఆ కార్యక్రమము దోచుకొనదగిన ధనవంతుని వెదకలేదు. తెరచియున్న తలుపును మాత్రమే వెదకెను. బ్రిటనునకు చెందిన మార్కస్ హచిన్స్ అను యువకుడు దానిని పరిశీలించి, అది ఎచ్చటికి పోయినను ముందుగా ఒక వింత ఇంటర్నెట్టు చిరునామాను వెదకుచున్నదని కనిపెట్టెను. ఆ చిరునామాను అతడు నమోదు చేయగానే దాని వ్యాప్తి అణగినది.

ఈ కథలో గమనింపదగిన అంశము మరియొకటి కలదు. ఆ కన్నమును పూడ్చు సవరణ 2017 మార్చి 14 నాడే, అనగా రెండు నెలలకు పూర్వమే వెలువడెను. చిక్కుకొన్న యంత్రములలో అధిక భాగము విండోస్ 7 గలవి. నాటికి దాని గడువు ఇంకను తీరలేదు. సవరణ ఇంటి గడపకు వచ్చి నిలిచినను వారు దానిని లోనికి తీసికొనలేదు. కావున కొత్త వ్యవస్థ కొన్నంత మాత్రమున రక్షణ కలుగదు. కావలివానిని పెట్టుకొని అతనిని నిద్రపుచ్చినచో అతడు ఉండియు లేనివాడే. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్న ఫలమేమి?

వృద్ధుడు ఆలోచనలో పడెను. అయినను అతని మనస్సు పూర్తిగా ఒప్పలేదు. అంతలో పక్క కాలనీనుండి ఒక వృద్ధురాలు దుకాణమునకు వచ్చెను. ఆమె భర్త సైన్యమున సుబేదారుగా పనిచేసినవాడు. పది సంవత్సరములకు పూర్వము తన కొలువు నాటి అనుభవములను వ్రాసి, ఈ దుకాణములోనే కూర్పించి, నూరు ప్రతులు అచ్చువేయించి బంధుమిత్రులకు పంచిపెట్టెను. తరువాత ఆయన కాలధర్మము చెందెను.

“అన్నగారూ! ఆ పుస్తకము ఒక్క ప్రతియు ఇంట మిగులలేదు. ఆయన చేతివ్రాత కాగితములు ఇల్లు మారినప్పుడు ఎచ్చటనో పోయినవి. మనుమలు పెద్దవారగుచున్నారు. తాత ఏమి వ్రాసెనో చదువుకొందుమని అడుగుచున్నారు. మరల పది ప్రతులు తీయించి ఇత్తురా?” అని ఆమె అడిగెను.

“దానికేమమ్మా, కూర్చుండుడు!” అని వృద్ధుడు కంప్యూటరు ముందు కూర్చుండి వెదకెను. ఫైలు దొరికినది. తెరపై తెలుగు అక్షరములు ముత్యములవలె నిలిచినవి. వృద్ధుడు మనుమరాలివైపు చూచి, “చూచితివా తల్లీ, నా పాత ఎద్దు ఎంత నమ్మకమైనదో!” అనెను.

మనుమరాలు మారుమాటాడలేదు. ఆ ఫైలులోని మొదటి పుటను తన లాప్‌టాప్‌లోనికి ఎత్తి తెరచి తాత ముందుంచెను. అందు ఒక్క తెలుగు అక్షరమైనను లేదు. ఆంగ్లాక్షరములును, గుర్తులును కలగాపులగముగా తెరనిండ పరచుకొని యుండెను. సుబేదారు పేరు ఉండవలసిన చోట అర్థము లేని ముక్కలు కనబడినవి. వృద్ధురాలు తెరకు దగ్గరగా వంగి చూచి, “ఇది మా వారి పుస్తకమేనా?” అని మెల్లగా అడిగెను. వృద్ధుడు వెంటనే జవాబు చెప్పలేకపోయెను.

దీనికి కారణము ఇది. కంప్యూటరునకు అక్షరములు తెలియవు. అంకెలు మాత్రమే తెలియును. ప్రతి అక్షరమునకు ఒక అంకె ఉండును. పూర్వము తెలుగునకు అందరును అంగీకరించిన అంకెలు వాడుకలో లేనందున, ఆంగ్లాక్షరముల అంకెలకే తెలుగు రూపములను తొడిగి ఫాంట్లు తయారుచేసిరి. ఆనాటి అవసరమునకు అది గొప్ప ఉపాయమే. దాని వలననే వేలకొలది తెలుగు పుస్తకములు, పత్రికలు వెలువడినవి. కాని ఆ ఫాంటు లేని యంత్రములో తొడుగు ఊడిపోయి, లోపలి ఆంగ్లాక్షరములు బయటపడును. పేజ్‌మేకర్ కూడ 2001లో వెలువడిన 7వ కూర్పుతో ఆగిపోయినది. కొత్త వ్యవస్థలపై అది సరిగా నడచుననెడి హామీ లేదు.

ఈ చిక్కును తీర్చుటకు పుట్టినదే యూనికోడు. లోకములోని లిపులన్నింటికిని వేరువేరు అంకెలు కేటాయించిన ఉమ్మడి పట్టిక అది. 1991లో వెలువడిన మొదటి కూర్పులోనే తెలుగునకు చోటు లభించినది. అందు తెలుగునకు 128 స్థానములు కలవు. ‘అ’ అను అక్షరమునకు 3077, ‘క’ అను అక్షరమునకు 3093 సంఖ్యలు. యాప్రాలులో వ్రాసినను, అమెరికాలో చదివినను ‘క’ సంఖ్య అదియే. ఏ సంస్థ యంత్రమైనను, ఏ ఫాంటు అయినను ఆ సంఖ్యను ‘క’ గానే చూపును. అమెరికాలో స్థిరపడిన తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన అను యూనికోడు ఫాంట్లను రూపొందించి ఉచితముగా పంచిపెట్టిరి. పిమ్మట సిలికానాంధ్ర సంస్థయు, నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమును కలిసి గిడుగు, గురజాడ, సూరన్న మొదలగు పేర్లతో మరికొన్ని ఫాంట్లను ఉచితముగా విడుదల చేసినవి.

వృద్ధుడు చాలసేపు ఆ రెండు తెరలను మార్చి మార్చి చూచెను. పిమ్మట, “అమ్మా! ఈ పుస్తకము చదువగలిగినది లోకమున ఈ ఒక్క యంత్రమే యన్నమాట. ఇది ఆగినచో సుబేదారుగారి మాటయు ఆగును. దొంగ వచ్చి తాళము వేసినను ఆగును. అట్లయిన ఇది తాటాకుల కథయే కదా!” అనెను.

అతని మాట ఎంతయు నిజము. తాటాకు మీద వ్రాసిన గ్రంథము శాశ్వతము కాదు. చెదలు, తేమ, పురుగులు దానిని తినివేయును. అందుచేత పూర్వులు శిథిలమగుచున్న ప్రతిని చూచి కొత్త ఆకుల మీద మరల వ్రాయించుచుండిరి. ఆకు నశించినను అక్షరము నిలిచినది. ఎవరును తిరిగి వ్రాయని గ్రంథములు ఆకులతోపాటే అంతరించినవి. ఆంగ్లేయుడైన చార్లెస్ ఫిలిప్ బ్రౌను (1798–1884) కడపలో బంగళా కొని, పండితులకు తన సొంత ధనము నుండి జీతములిచ్చి, తెలుగు గ్రంథముల ప్రతులను సేకరింపించి, శుద్ధ ప్రతులు వ్రాయించెను. వ్రాయసకాండ్ర చేతిలో తప్పులు దొరలునని ఎరిగి, ఒక ప్రతిని మరియొక ప్రతితో సరిపోల్చి పరిష్కరింపజేసెను. పాత ప్రతి మీద గౌరవము ఉన్నందువలననే ఆయన కొత్త ప్రతి వ్రాయించెను.

ఆనాటినుండి తాతయు, మనుమరాలును కూడి ఉపాయము ఆలోచించిరి. ఇప్పుడు వృద్ధుడు మార్పును వ్యతిరేకింపలేదు; అయితే తొందరపడుటకును ఒప్పుకొనలేదు. “ముహూర్తముల కాలమున దుకాణమును చిందరవందర చేయరాదు తల్లీ. ఆషాఢమున పెండ్లిండ్లు లేవు. శుభలేఖల పని తగ్గును. అప్పుడు మొదలుపెట్టుదము” అనెను. వృత్తి ఎరిగినవాని మాట అట్లుండును. మార్పు మంచిదైనంత మాత్రమున చాలదు. దానికి తగిన సమయము కూడ ఉండవలెను.

కాని ఒక పనిని మాత్రము ఆషాఢమునకై ఆపలేదు. ఆ సాయంకాలమే ఫైళ్లన్నింటిని రెండు హార్డ్ డిస్కులలోనికి నకలు తీసిరి. ఒకటి దుకాణమున ఉంచి, రెండవదానిని ఇంటి బీరువాలో పెట్టిరి. రెండును ఒక్కచోటనే ఉన్నచో అగ్నిప్రమాదమో, దొంగతనమో జరిగినప్పుడు రెండును పోవును. నకలు తీసిన పిమ్మట డిస్కును యంత్రమునుండి విడదీసి ఉంచిరి. తగిలించియే ఉంచినచో యంత్రమునకు పట్టిన చీడ నకలునకును పట్టును. ఖాతాదారుల ఆధార్ నకళ్లు, బ్యాంకు కాగితములు వెదకి తుడిచివేసిరి. పరులు నమ్మి ఇచ్చిన కాగితమును అవసరము తీరిన పిమ్మట దాచుకొనుట న్యాయము కాదని వృద్ధుడే చెప్పెను.

తరువాత ఏ వ్యవస్థకు మారవలెనన్న ప్రశ్న వచ్చెను. విండోస్ 10కి మారుదమన్నచో దానికిని సాధారణ గడువు తీరినది. ఒక కూలుచున్న మెట్టు మీదినుండి మరియొక కూలుచున్న మెట్టు మీదికి అడుగువేయుట వివేకము కాదు. 2021లో వచ్చిన విండోస్ 11కు కనీసము 4 గిగాబైట్ల జ్ఞాపకశక్తియు, టీపీఎం 2.0 అను రక్షణ భాగమును కావలెను. పాత యంత్రములో అది లేదు. మూడవ మార్గము లినక్సు. ఫిన్లాండు దేశమున హెల్సింకి విశ్వవిద్యాలయములో చదువుచుండిన లినస్ టోర్వాల్డ్స్ 1991లో దీనికి పునాది వేసెను. లోకమున ఎందరో కూడి దానిని పెంచిరి. దానిని ఎవరైనను ఉచితముగా తీసికొనవచ్చును. తమ భాషకు అనువుగా మార్చుకొనవచ్చును. హైదరాబాదులోని స్వేచ్ఛ అను సంస్థ దీని ఆధారముతో తెలుగులో పలుకు వ్యవస్థను రూపొందించినది. లినక్సు రకములలో కొన్ని పాత యంత్రములపై కూడ చక్కగా నడచును. కాని వృద్ధునకు అలవాటైన కార్యక్రమములు దానిపై నేరుగా నడువవు. కొత్తవి నేర్చుకొనవలెను. ఉచితముగా వచ్చిన వస్తువునకు సైతము నేర్పు అను వెల చెల్లింపక తప్పదు.

ఇట్లు లాభనష్టములు తూచి, వారు ఒక నిర్ణయమునకు వచ్చిరి. ఖాతాదారుల కాగితములకును, ఈమెయిలునకును ఒక కొత్త కంప్యూటరు కొనిరి. దానికి సవరణలు వచ్చినప్పుడెల్ల వాయిదా వేయక స్వీకరింపవలెనని నియమము పెట్టుకొనిరి. పాత కంప్యూటరును పారవేయలేదు. దాని ఇంటర్నెట్టు తీగను మాత్రము పీకివేసిరి. బయటివారి పెన్ డ్రైవులు దానికి తగిలింపరాదని నిశ్చయించిరి. పాత ఫైళ్లు తెరచి, వానిని ఒక్కొక్కటిగా యూనికోడులోనికి మార్చు పని మాత్రమే దానికి మిగిలెను. కొలువు చాలించిన పెద్దమనిషివలె అది దుకాణము మూలన కూర్చుండి, తనకు తెలిసిన సంగతులను తరువాతి తరమువారికి చెప్పుచుండెను.

ఆషాఢమాసమున మొదట మార్చిన పుస్తకము సుబేదారుగారిదే. మార్చు కార్యక్రమము అక్షరములను క్షణములో మార్చినది గాని తప్పులు లేకుండ మార్చలేదు. కొన్నిచోట్ల ఒత్తులు తారుమారైనవి. కొన్నిచోట్ల పదములు విడిపోయినవి. మనుమరాలు తెర ముందు కూర్చుండగా, తాత కళ్లజోడు సవరించుకొని పాత యంత్రములోని పుటను పంక్తి పంక్తిగా చదివి వినిపించెను. సీసపు అక్షరముల నాడు నేర్చిన ప్రూఫులు దిద్దు విద్య అతనికి ఇప్పుడు అక్కరకు వచ్చినది. కొత్త యంత్రము తెలిసిన మనుమరాలు లేక ఆ పని మొదలు కాదు. పాత అక్షరము తెలిసిన తాత లేక అది ముగియదు.

పది ప్రతులు తయారైన నాడు వృద్ధురాలు వచ్చి పుస్తకమును కన్నులకు అద్దుకొనెను. దూరదేశముననున్న పెద్ద మనుమనికి ఆ పుస్తకమును ఫోనులో పంపగా, అతడు అక్కడ ఏ ఫాంటును వెదకుకొననక్కరలేకయే తాత వ్రాసిన మొదటి వాక్యమును చదివి ఆమెకు వినిపించెను.

విద్యార్థులారా! పాతది కనుక విడువవలెననుటయు, పాతది కనుక నమ్మవలెననుటయు రెండును తొందరపాటు మాటలే. మీ యింట, మీ బడిలో ఉన్న యంత్రమును గూర్చి మూడు ప్రశ్నలు వేసికొనుడు. దీనికి కావలి ఉన్నదా? దీనిలో ఎవరి సొమ్ము దాగియున్నది? ఇది రేపు ఆగిపోయినచో ఏది తిరిగి రాదు? ఈ మూడింటికి జవాబు దొరికినచో మార్పవలెనా, మానవలెనా అన్నది దానంతట అదే తేలును. ఒకవేళ యంత్రమును విడువవలసి వచ్చినచో దానిని చెత్తకుండీలో వేయకుడు, తగులబెట్టకుడు. పాత యంత్రములలో సీసము మొదలగు విషపదార్థములు ఉండును. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన ఈ-వ్యర్థముల నిబంధనల ప్రకారము అట్టివానిని అనుమతిగల శుద్ధి కేంద్రములకు చేర్పవలెను. యంత్రము మన సేవకుడు. అందలి అక్షరము మన ఆస్తి. సేవకుడు అలసినప్పుడు విశ్రాంతి ఇవ్వవచ్చును. ఆస్తిని మాత్రము ముందుగా భద్రమైన చోటికి చేర్చుకొనవలెను.

ప్రశ్నలు

1. నిర్వహణ వ్యవస్థను పూర్వపు గ్రామాధికారులతో ఎట్లు పోల్చిరి?

2. ‘గడువు తీరిన నాడు యంత్రము ఆగిపోదు’ – అయినను అపాయము ఎట్లు కలుగును?

3. 2017లో వ్యాపించిన వాన్నక్రై వలన జరిగిన నష్టములేవి? దానినుండి నేర్చుకొనవలసిన పాఠమేమి?

4. సుబేదారుగారి పుస్తకము మనుమరాలి లాప్‌టాప్‌లో ఏల చదువ వీలు కాలేదు?

5. తాటాకు గ్రంథములకును, పాత కంప్యూటరు ఫైళ్లకును గల పోలికను వివరింపుడు.

6. తాత, మనుమరాలు పాత కంప్యూటరును ఏమి చేసిరి? మీరైనచో ఏమి చేయుదురు? కారణములతో వ్రాయుడు.